ఖాళీ స్థలము ఎవరిది?



ఈ సంచికలో మేము ఒక చిన్న ప్రశ్నను మీ ముందు పెట్టదలచాము. ఈ లోకములో ఖాళీ స్థలము అనునది ఒకటి ఉన్నదా? అనగా ఎవరిదీ కానిది, ఎవరూ లేనిది, మనము పోయి దిగినా ఎవరికీ నష్టము రానిది అయిన చోటు ఉన్నదా? ప్రశ్న చిన్నదే గాని వలస వచ్చి బ్రతికే జనులమైన మనకు ఇది చాలా దగ్గరి ప్రశ్న. మన తాతలు చిత్తూరు, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి మూటాముల్లె కట్టుకొని కోలారు బంగారు గనులకు వచ్చారు. మన పిల్లలు తెల్లవారుజామున మారికుప్పము రైలెక్కి బెంగుళూరుకు పోతున్నారు. ఇంకా కొందరు సముద్రాలు దాటి పోయారు. ప్రతి తరమూ ఎక్కడో ఒక చోట దిగింది. ఆ చోట మనకు ముందు ఎవరున్నారని అడిగినవారు మాత్రము తక్కువ.

ఈ ప్రశ్నను గాలిలో విచారించుటకంటె ఒక చోటును తీసుకొని విచారించుట మేలు. మేము శ్రీహరికోట దీవిని తీసుకొంటున్నాము. ఆ పేరు వినని ఇల్లు ఈ దినాలలో లేదు. 2023 జూలై 14న చంద్రయాన్-3 అక్కడి నుండి లేచినప్పుడు మన లైన్లలో కూడ టీవీల ముందు చప్పట్లు కొట్టారు. అది న్యాయమైన సంతోషమే. అయితే రాకెట్టు లేచిన ఆ నేల ఎటువంటిది, రాకెట్లకు ముందు దాని మీద ఎవరు నడిచారు అన్న సంగతి మన పిల్లలలో ఎంతమందికి తెలుసు?

ముందు ఆ నేల సంగతి చెప్పుకొందాము. చెన్నపట్నానికి ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరములో, తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాట్ సరస్సు, నడుమ ఉత్తర దక్షిణములుగా సాగిన ఇసుక దీవి అది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు విడదీసిన తరువాత తిరుపతి జిల్లాలోనికి వచ్చింది. పులికాట్ సరస్సును మన తెలుగు పెద్దలు ప్రళయకావేరి అన్నారు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీరు ఒకవైపు నుండి, సముద్రపు ఉప్పునీరు ఇంకొకవైపు నుండి అందులో కలుస్తాయి. అందుచేత వానాకాలములో చప్పగాను వేసవిలో కటిక ఉప్పగాను ఉండే నీరు అది. ఎండలు ముదిరితే చాలా మేర ఎండిపోయి తెల్లని ఉప్పు పర్రగా మారుతుంది. శీతకాలములో ఫ్లెమింగో పక్షులు వేలుగా వచ్చి ఆ బురదలో మేస్తాయి. ఈరకము, వేనాడు మొదలైన చిన్న దీవులలో నేటికీ జనము కాపురము ఉన్నారు.

శ్రీహరికోట ఇసుక దీవియే గాని ఎడారి కాదు. అక్టోబరు, నవంబరు మాసాలలో ఈశాన్య ఋతుపవనాల వాన గట్టిగా పడుతుంది. ఆ వాననీరు ఇసుకలోనికి ఇంకి, క్రింద ఉన్న ఉప్పునీటికంటె తేలిక గనుక దాని పైన తేలి నిలుస్తుంది. అందుకే ఆ తీరములో ఇసుకను కొంచెము లోతు తవ్వితే మంచినీరు ఊరుతుంది. నెల్లూరు సీమలో అటువంటి గుంటలను దొరువులు అంటారు. ఆ నీటి బలము మీద నేరేడు, పాల, బలుసు, ఈత, తాటి చెట్లు, బెత్తపు తీగలు కలిసి దట్టమైన అడవి పెరిగింది. ఆకు రాల్చని ఆ పొడి అడవి ఒకప్పుడు తూర్పు తీరమంతటా ఉండేది. ఇప్పుడు మిగిలినది కొద్ది చోట్లే. వాటిలో శ్రీహరికోట అడవి పెద్దది. తరువాతి కాలములో సరుగుడు, యూకలిప్టసు తోటలు కూడ అక్కడ నాటారు. చెన్నపట్నపు పొయ్యిలలో ఎన్నో సంవత్సరాలు శ్రీహరికోట కట్టెలు మండినవి. బకింగ్‌హాము కాలువ ఆ సరస్సు గుండానే పోతుంది. ఆ కాలములో కట్టెలకు పడవ దారి అదే.

ఇక మనుష్యుల సంగతి. ఆ దీవిలో రైతులు, పశువుల కాపరులు, జాలరులు ఉండేవారు. అందరికంటె ముందునుండి ఉన్నవారు యానాదులు. వారి మాతృభాష తెలుగే, మన భాషే. "అనాది" అను మాట నుండి యానాది వచ్చినదని కొందరి ఊహ. అనగా మొదలు తెలియనివారు. 1835లో ఆ దీవి కంపెనీ ప్రభుత్వము చేతికి వచ్చినప్పుడు యానాదులు ఆ అడవిలోనే ఉన్నారు. తేనె, కుంకుడుకాయలు, ముష్టి గింజలు, సుగంధిపాల వేళ్ళు, చిరివేరు తెచ్చి సర్కారుకు ఇచ్చేవారు. చిరివేరు అనగా బట్టలకు ఎర్ర రంగు అద్దే వేరు. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు దేశదేశాలకు పోయిన దినాలలో ఆ ఎరుపు వెనుక చిరివేరు తవ్వినవాని గునపము ఉన్నది. 1909లో థర్‌స్టన్ దొరవారు దక్షిణ హిందూదేశపు కులములను తెగలను గూర్చి అచ్చు వేయించిన సంపుటాలలో యానాదులకు పెద్ద అధ్యాయము కలదు. 1962లో నెల్లూరు సీమకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు వారిని గూర్చి ఒక పూర్తి గ్రంథమే వ్రాశారు. కాబట్టి ఆ దీవిలో ఎవరున్నారో లోకానికి తెలియదని చెప్పుటకు వీలు లేదు. పుస్తకాలలో ఉన్నది.

1969లో రాకెట్టు కేంద్రానికి ఈ దీవిని ఎంచుకొన్నారు. ఎంచుకొనుటకు మంచి కారణాలే ఉన్నవి. భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతుంది గనుక తూర్పు వైపుకు వదిలిన రాకెట్టుకు ఆ తిరుగుడు బలము ఉచితముగా కలిసి వస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ ఆ బలము ఎక్కువ. రాకెట్టు తప్పిపోయి కూలినా తూర్పున సముద్రమే గాని ఊళ్ళు లేవు. వాన రెండు మాసాలే గనుక మిగిలిన కాలమంతా ఆకాశము తెరపిగా ఉంటుంది. ఈ నాలుగింటిలోను తప్పు పట్టవలసినది లేదు. అయితే ఐదవ కారణము ఒకటి చెప్పేవారు: అక్కడ జనము పెద్దగా లేరు. మన ప్రశ్న ఈ ఐదవ కారణము దగ్గర మొదలవుతుంది. 1971 అక్టోబరు 9న అక్కడినుండి మొదటి చిన్న రాకెట్టు లేచింది. దానికి ముందును తరువాతను దీవి ఊళ్ళ జనాన్ని సరస్సు దాటించి సూళ్ళూరుపేట వైపు మెట్ట మీదికి పంపారు. వారిలో యానాది కుటుంబాలు కూడ ఉన్నవి.

"జనము పెద్దగా లేరు" అను మాటను కొంచెము నిదానముగా చూడండి. "అసలు లేరు" అని దాని అర్థము కాదు. "ఉన్నవారు లెక్కలోనికి వచ్చేటంత మంది కాదు" అని అర్థము. ఒక మనిషి ఒక చోట ఉన్నాడని మనము దేనిని బట్టి తెలుసుకొంటాము? ఇల్లు, కంచె, దున్నిన పొలము, బావి, వీటన్నిటికి మించి కాగితము. ఈ గుర్తులు లేకపోతే నేల ఖాళీ అనుకొంటాము. మరి యానాది వాడు ఆకుల గుడిసె వేసుకొని, అవసరమైనప్పుడు దానిని విడిచి ఇంకొక చోటికి పోయేవాడు. అడవిని నరికి పొలము చేయలేదు. వేరు తవ్వినా మళ్ళీ మొలవనిచ్చాడు. చేపలు పట్టినా సరస్సుకు గట్టు కట్టలేదు. తాను వాడిన చోట తన గుర్తు మిగలకుండ బ్రతికాడు. మనము బడిలో పిల్లలకు ఏమి నేర్పుతాము? వాడిన చోటును శుభ్రముగా ఉంచి రావాలని గదా! ఆ విధముగా బ్రతికినవానికి చివరకు దొరికిన ఫలము ఏమిటంటే, గుర్తు లేదు గనుక హక్కు లేదు అనిపించుకొనుట. అడవిని నరికి చదును చేసి ఉంటే ఆ నేల అతనిదని నిరూపణ అయ్యేది. పాడు చేయలేదు గనుక అతనిది కాకుండ పోయింది. ఈ లెక్కలో ఎక్కడో వంకర ఉన్నదని మాకు తోస్తున్నది.

నష్టపరిహారము విషయములో ఈ వంకర ఇంకా స్పష్టముగా కనబడుతుంది. పట్టా ఉన్నవానికి ఎకరానికి ఇంత అని కట్టవచ్చును. చెట్లున్నవానికి చెట్టుకు ఇంత అని కట్టవచ్చును. ఏ తుప్ప క్రింద ఏ వేరు ఉన్నదో, ఏ గాలికి ఏ చేప ఏ మూలకు వస్తుందో తెలిసిన తెలివికి ఎంత కట్టాలి? ఆ తెలివి ఆ దీవిలోనే చెల్లే నాణెము. సరస్సు దాటి ఇవతలికి వస్తే దానికి విలువ లేదు. నిన్నటి దాకా తన అడవిలో పండితుడైనవాడు మెట్ట మీద మరునాడు ఏమీ తెలియని కూలివాడు అవుతాడు. సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రము ప్రాంతాలలో యానాదులు పరుల పొలాలలో ఎలుకలు పట్టుచు, చెరువులకు కాపలా ఉండుచు బ్రతికిన సంగతి ఆ సీమవారికి తెలిసినదే.

మన బైబిలు చదువరులకు ఇక్కడ నాబోతు ద్రాక్షతోట జ్ఞాపకము వచ్చి ఉండును. మనము సాధారణముగా ఆ కథలో యెజెబెలు దుర్మార్గము వరకే చెప్పుకొంటాము. కాని మొదటి మాటలు గమనించండి. అహాబు రాజు మొదట దౌర్జన్యము చేయలేదు. దానికంటె మంచి తోట ఇస్తాను, లేదా వెల ఇస్తాను అన్నాడు. ఇప్పటి లెక్క ప్రకారము అది న్యాయమైన బేరము. అయినా నాబోతు కాదన్నాడు, ఎందుకంటే అతనికి అది తోట మాత్రమే కాదు, పితరుల స్వాస్థ్యము. వెల కట్టుటకు వీలు కానిది కొన్ని చోట్ల ఉంటుందని ఆ కథ మొదటి భాగము చెప్తుంది. నాబోతును కనీసము అడిగారు, అతడు కాదనగలిగాడు. ఇది కూడ మనము గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు తక్కెడ రెండవ తట్టను కూడ చూడాలి. చూడకపోతే మనము న్యాయము చెప్పినవారము కాము. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు పదివేల ప్రాణాల వరకు పోయినవని లెక్క. ఆ ఉప్పెన ఎంత బలముగా వచ్చి ఎక్కడ తాకుతుందో ఊళ్ళవారికి తెలియలేదు. 2002లో శ్రీహరికోట నుండి పంపిన కల్పన-1 ఉపగ్రహము వాతావరణమును చూచుటకే. నేడు తుఫాను పుట్టిన నాటినుండి దాని కన్ను ఎటు కదులుచున్నదో ఆకాశము నుండి చూచి, ముందే జనాన్ని తరలిస్తున్నారు. 2013లో ఫైలిన్ తుఫాను ఒడిశా తీరాన్ని తాకినప్పుడు లక్షలమందిని ముందే తరలించినందున ప్రాణనష్టము పదులలోనే ఆగింది. తీరములోని యానాది గుడిసెలకు కూడ ఆ హెచ్చరిక అందుతుంది. అది గాక ఆ కేంద్రము వచ్చినందున కొందరికి కూలిపని, పిల్లలకు బడి దొరికినవి. రాకెట్టు కేంద్రము కంచె వేసినందున ఆ అడవి కూడ గొడ్డలి వేటు తప్పించుకొన్నది. కాబట్టి రాకెట్లు లేవకూడదని మేము చెప్పుట లేదు. మేలు అందరిది, నష్టము కొందరిది అయినప్పుడు ఆ కొందరి లెక్క ఎవరు వ్రాయాలి అన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న ఒక్క మన దేశానిది కాదు. పసిఫిక్ మహాసముద్రములో బికినీ అను చిన్న పగడపు దీవి కలదు. 1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అమెరికా సైన్యాధికారి అక్కడి క్రైస్తవ జనాన్ని కూర్చోబెట్టి, మానవజాతి మేలు కొరకు మీ దీవిని కొంతకాలము ఇవ్వగలరా అని అడిగాడు. వారిని ఇశ్రాయేలీయులతో పోల్చి మాట్లాడాడు. 167 మంది ఓడ ఎక్కి పోయారు. 1958 వరకు అక్కడ 23 అణుపరీక్షలు జరిగినవి. 1970ల దశకములో కొందరు తిరిగి పోయినా, నేల విషమైనందున 1978లో మళ్ళీ ఖాళీ చేయించారు. అడుగుట అంటే నోటితో అడిగితే చాలదని, అడిగినవాడు ఏమి చేయబోవుచున్నాడో పూర్తిగా చెప్పాలని, కాదంటే ఊరుకొనుటకు సిద్ధముగా ఉండాలని ఆ దీవి మనకు నేర్పుతుంది. వాక్యమును పట్టుకొని అడిగినంత మాత్రాన అడుగుట న్యాయము కాదు.

దీనికి ఎదురుగా స్కాట్లండుకు పడమట సెయింట్ కిల్డా దీవి. అక్కడ మిగిలిన 36 మంది, రోగాలతోను ఒంటరితనముతోను విసిగి, తామే ప్రభుత్వానికి విన్నపము చేసుకొని 1930 ఆగస్టు 29న దీవిని విడిచారు. పోవునప్పుడు ప్రతి ఇంటిలో బైబిలు తెరచి పెట్టి, దాని ప్రక్కన గుప్పెడు ఓట్ల గింజలు ఉంచి తలుపులు మూశారని చెప్తారు. 1957 నుండి అక్కడ క్షిపణుల జాడ చూచే రాడారు కేంద్రము ఉన్నది. ఇప్పుడు అది పక్షుల దీవి, ప్రపంచ వారసత్వ స్థలము. చూడవచ్చినవారు "ఎంత నిర్జనమైన అందము!" అంటారు. నిర్జనము అను మాటలో జనము ఉన్నదని వారికి తోచదు. జనము పోయిన తరువాత వచ్చిన నిశ్శబ్దమును సృష్టి మొదటినాటి నిశ్శబ్దము అనుకొంటారు.

ఇంతవరకు ఇతరుల నేల గూర్చి చెప్పుకొన్నాము. ఇప్పుడు మన నేలకు వద్దాము. 1802లో లెఫ్టినెంటు వారెను కోలారు సీమలో సర్వే చేయుచు బంగారము సంగతి విని, ఊరిగాము, మారికుప్పము ప్రాంతపు పల్లెజనుల చేత మట్టి కడిగించి చూచాడు. మారికుప్పము దగ్గర బీదజనులు అప్పటికే గోతులలో దిగి రాయి తవ్వి బంగారము తీయుచున్నారు. 1873లో లావెల్ దొరకు అనుమతి దొరికింది. 1880 నాటికి జాన్ టేలరు కంపెనీ వచ్చింది. తరువాత చెప్పిన కథలలో ఈ నేల రాళ్ళు, ముళ్ళతుప్పలు తప్ప ఏమీ లేని బీడు అయింది. ఆ గోతులలో దిగినవారి పేర్లు ఏ స్తంభము మీదను లేవు. పేటలకు రాబర్ట్‌సన్, ఆండర్సన్ అని పేర్లు వచ్చినవి. మన తాతలు కంపెనీ పిలుపు మీద వచ్చి లైన్లలో దిగినప్పుడు వారికి కూడ ఇది ఖాళీ చోటుగానే కనబడి ఉండును. వారు ఆకలితో వచ్చినవారు. వారిని మేము నిందించుట లేదు. కాని ఇక్కడి పశువుల మేతబీళ్ళు, కట్టెల అడవులు ఎవరివి అన్న ప్రశ్న ఆ దినాలలో ఎవరూ వేయలేదన్నది నిజము.

తరువాత మన వంతు వచ్చింది. నూట ఇరవై సంవత్సరాలలో ఈ భూమి నుండి 800 టన్నులకు మించిన బంగారము పోయింది. శివనసముద్రము నుండి 1902లోనే ఇక్కడికి కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగింది. 1965లో అదే గనుల లోతులో, రెండు కిలోమీటర్లకు మించిన రాతి క్రింద, టాటా సంస్థవారు, జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కలిసి, ఆకాశపు వాయువులలో పుట్టిన న్యూట్రినో అను సూక్ష్మకణముల జాడను కనుగొన్నారు. శ్రీహరికోటలో ఆకాశమునకు ఎక్కి చేసిన విజ్ఞానము, మన దగ్గర పాతాళమునకు దిగి చేశారు. ఆ రెండు చోట్లను మోసినవి కూలివాని భుజములే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసివేశారు. సైరను ఆగింది.

ఆ తరువాత పత్రికలవారు మన ఊరిని ఏమన్నారో మీకు తెలుసు. దయ్యాల పట్టణము అన్నారు. 2011 జనాభా లెక్కలలో లక్షా అరవై వేలు దాటిన జనము ఉన్న ఊరు ఇది. బడులున్నవి, మందిరములున్నవి, పెండ్లిండ్లు జరుగుచున్నవి, తెల్లవారితే వేలమంది రైలు ఎక్కి బెంగుళూరు పనికి పోయి రాత్రికి వస్తున్నారు. అయినా బయటివాని కంటికి ఖాళీ! ఎందుకంటే అతడు చూచే గుర్తు గని ఒక్కటే. గని ఆగింది గనుక మనుష్యులు లేరు. తాతల కాలము నుండి ఉన్న లైను ఇంటికి కాగితము కొరకు ఏండ్ల తరబడి తిరిగినవారు మనలో ఎందరో ఉన్నారు. కాబట్టి "గుర్తు లేదు గనుక హక్కు లేదు" అను మాట యానాదికి ఎట్లు వినబడినదో మనము పుస్తకము చూచి నేర్చుకోనక్కరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "అయ్యా, వెనుకకు పోతే ప్రతివాడూ ఎక్కడినుండో వచ్చినవాడే. మొదట వచ్చినవానిదే నేల అంటే లోకములో ఎవడూ ఎక్కడా ఉండుటకు వీలు లేదు గదా?" అని. ఈ ఆక్షేపణ బలమైనదే. మొదట వచ్చుట ఒక్కటే హక్కు అని మేము చెప్పము. అట్లు చెప్పితే కోలారులో మనకు చోటు ఉండదు, బెంగుళూరులో మన పిల్లలకు చోటు ఉండదు. వలస పాపము కాదు. అబ్రాహాము కూడ వలస పోయినవాడే. తన భార్యను పాతిపెట్టుటకు నేల కావలసినప్పుడు ఆ దేశపు ప్రజల ఎదుట వంగి, అడిగి, పూర్తి వెల తూచి ఇచ్చి తీసుకొన్నాడు. వచ్చినవాడు ముందున్నవానిని చూచాడా లేదా, చూచి అతని లెక్క వ్రాశాడా లేదా అన్నదే న్యాయాన్యాయములను తేల్చేది.

చూడకుండ చేసిన మేలు కూడ చిక్కు తెస్తుంది. ఈ విషయములో మన చరిత్రను కూడ దాచకూడదు. 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టిన మన అమెరికన్ బాప్టిస్టు మిషను బీదలకు బడి, ఆసుపత్రి ఇచ్చింది. దానికి మనము ఋణపడి ఉన్నాము. అదే మిషను 1910ల దశకములో కావలిలో ప్రభుత్వము తరపున సెటిల్మెంటు నడిపింది. పుట్టుకతోనే నేరస్థులని చట్టము ముద్ర వేసిన తెగలను అక్కడ హాజరు పట్టీ క్రింద ఉంచారు. ఎరుకలవారు అక్కడ ఎక్కువ. పని నేర్పారు, పిల్లలకు చదువు చెప్పారు, వారి మంచి కోరియే చేశారు. కాని ఆ జనులకు ఇష్టమా అని ఎవరూ అడగలేదు. ఆ ముద్ర యానాదులలో కొందరి మీద కూడ పడింది. దానిని తీసివేయించుటకు రాఘవయ్యగారు ఎంతో పాటుపడ్డారు. దేశమంతటా ఆ చట్టము 1952లో పోయింది. ప్రేమతో చేసినా, అడగకుండ చేసినది ఎదుటివానిని చిన్నవానిగా చేస్తుంది.

కొంతవరకు చట్టము కూడ ఈ పాఠము నేర్చుకొన్నది. శ్రీహరికోట నేల తీసుకొన్న దినాలలో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టము. అది ముఖ్యముగా నేల మీద హక్కు గలవానిని చూచేది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిలో బ్రతికేవాని హక్కును ఒప్పుకొన్నది. 2013లో చేసిన కొత్త భూసేకరణ చట్టము, పట్టా లేకపోయినా ఆ నేల మీద జీవనము పోగొట్టుకొనే కుటుంబమును కూడ లెక్కలో చేర్చింది. నేల తీసుకొనకముందు అక్కడి జనముపై పడే ప్రభావమును విచారించాలన్నది. దీవి జనము సరస్సు దాటిన నలభై ఏండ్లకు ఆ మాట పుస్తకములోనికి ఎక్కింది. ఆలస్యమే గాని మేలే. చట్టము వ్రాసినంత మాత్రాన అధికారి కన్ను తెరచుకోదు. చూచే అలవాటు మనుష్యులలో పుట్టాలి.

కాబట్టి మా మనసులో తేలినది మూడు మాటలుగా చెప్తాము. మొదటిది, అడుగుట. ఖాళీగా కనబడిన చోటు దగ్గర "ఇక్కడ ఎవరున్నారు, ఎవరు వచ్చి పోతారు, ఎవరు మేపుకొంటారు, ఎవరు ఏరుకొంటారు" అని అడిగిన తరువాతనే అడుగు పెట్టుట. రెండవది, పేరు నిలుపుట. పోయినవారిని తిరిగి తేలేకపోవచ్చును. వారు ఉండిరి అన్న సంగతిని తుడిచివేయకుండ పిల్లలకు చెప్పవచ్చును. చంద్రయాన్ పాఠము చెప్పే ఉపాధ్యాయుడు చిరివేరు సంగతి కూడ రెండు మాటలు చెప్తే పాఠము చెడిపోదు. మూడవది, పాలు ఇచ్చుట. ఒక చోటు వలన మేలు కలిగితే ఆ చోటు విడిచినవాని బిడ్డకు ఆ మేలులో ముందు వరుస దొరకాలి. కూలిపని మాత్రమే కాదు, చదువులోను, ఉద్యోగములోను.

ఇవి ప్రభుత్వాలకు మాత్రమే చెప్పిన మాటలు కావు. మన యువకులు బెంగుళూరు అంచులలో సైటు కొనుచున్నారు. ఆ లేఅవుటు చెరువు కడుపులో వేసినదా, ఊరి పశువుల మేతబీడులో వేసినదా అని కొనక ముందు విచారించండి. కోలారు జిల్లా చెరువుల సీమ. ఒక చెరువు పూడిస్తే క్రింద ఎన్ని కుటుంబాల మడి ఎండుతుందో మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. ధర తక్కువగా ఉన్నదంటే ఎవరో ఒకరి లెక్క అందులో వ్రాయలేదేమోనని ఒక్కసారి అనుమానించుట మంచిది.

ఇంకొక సంగతి మన గుమ్మము ముందే ఉన్నది. మన సైనైడు దిబ్బలలో మిగిలిన బంగారము తీయవలెనని మళ్ళీ మాటలు జరుగుచున్నవి. గాలి వీచినప్పుడు ఆ ధూళి ఎవరి ఇంటిలో పడుతుందో మనకు తెలుసు. రేపు ఆ పని మొదలైతే, పటము మీద ఆ దిబ్బలు ఖాళీ స్థలముగానే కనబడతాయి. వాటి నీడలో ఎన్ని ఇండ్లున్నవో పటము చెప్పదు, మనమే చెప్పాలి. అందుకు మేము ఒక చిన్న పని కోరుచున్నాము. ప్రతి సంఘములో యువకులు తమ లైనులోని పెద్దల దగ్గర కూర్చొని, ఏ ఇంటిలో ఎవరు, ఏ ఊరినుండి, ఏ కాలములో వచ్చారు, వారు వచ్చునప్పటికి ఇక్కడ ఎవరున్నారు అని అడిగి, ఒక నోటుపుస్తకములో వ్రాసి ఉంచండి. తాతల పేర్లతోపాటు, ఆ తాతలకు దారి చూపిన, నీళ్ళు ఇచ్చిన ఇక్కడి పల్లెజనుల పేర్లు దొరికితే అవి కూడ వ్రాయండి. మన పేరు నిలవాలని కోరుకొనేవారము ఎదుటివాని పేరును వదిలివేయకూడదు.

మీ అభిప్రాయములు వ్రాసి పంపండి. మేము చెప్పినదానిలో ఒప్పుకొననివి ఉంటే అవి ముందు వ్రాయండి.